మా ఊరి కొత్త గ్రంథాలయం ప్లాన్ వచ్చింది, చూస్తే కల్యాణ మండపంలా ఉంది. ఏం మార్పించాలి?

కాలువగట్టు
మాది కృష్ణా డెల్టాలో ఒక మండల కేంద్రం. శాఖా గ్రంథాలయం ఎప్పటి నుంచో అద్దె పెంకుటింట్లో నడుస్తోంది. వాన మొదలైతే బీరువాల మీద టార్పాలిన్ కప్పి, కింద బకెట్లు పెట్టుకుంటాం. ఇన్నాళ్లకి ఒక కుటుంబం వాళ్ల అమ్మగారి పేరు మీద కొత్త భవనం కట్టిస్తామంది. పంచాయతీ 10 సెంట్ల స్థలం ఇచ్చింది. ఇటు 66 అడుగులు, అటు 66 అడుగులు, తూర్పున రోడ్డు.

నిన్న దాతల తరపు ఇంజనీరు గీసిన ప్లాన్ చేతికొచ్చింది. ఉత్తర దక్షిణాలు 60, తూర్పు పడమరలు 40, అంతా ఒకే హాలు. పడమటి గోడకి సభల కోసం స్టేజీ. ముందు పోర్టికో, రెండు గుండ్రటి స్తంభాలు. పుస్తకాలన్నీ మేడ మీద. బాత్రూములు పెరట్లో విడిగా. పిల్లలు ఎక్కడ కూర్చోవాలో, పేపర్లు ఎక్కడ పరచాలో ఎక్కడా లేదు.

కమిటీలో నేనూ ఒకణ్ణి. ఆదివారం మీటింగు. "నచ్చలేదు" అంటే "అయితే ఏం కావాలో చెప్పండి" అంటారు. అది చెప్పడానికే మీ సాయం కావాలి. రిజిస్టరు ప్రకారం 14,000 పుస్తకాలు. పొద్దున్నే పేపర్లకి 30, 40 మంది పెద్దవాళ్లు. పోటీ పరీక్షలకి చదివేవాళ్లు పాతిక మంది. సాయంత్రం స్కూలు పిల్లలు పది మంది వస్తే గొప్ప. ఆడవాళ్లు దాదాపు రారు.

నిట్టాడు
సివిల్ ఇంజనీర్‌ని. మొదట పుస్తకాలు మేడ మీద అన్న మాట సంగతి తేల్చండి. మామూలు ఇంటి స్లాబు చదరపు మీటరుకి 200 కిలోల బరువు లెక్కన వేస్తారు. పుస్తకాల ర్యాకులు పెట్టే గదికి భారతీయ ప్రమాణం ప్రకారం 600 కిలోలు తీసుకోవాలి, అదీ ర్యాకుల ఎత్తు 2.2 మీటర్ల లోపు ఉంటేనే. అంటే మూడు రెట్లు. మీ ఇంజనీరు ఏ లెక్కన డిజైన్ చేశాడో కాగితం మీద రాయించుకోండి. పాత పేపర్ల బైండ్లు పైకి ఎక్కిస్తే ఇంకా ప్రమాదం.

ర్యాకులు కిందే పెట్టుకుంటే ఈ గొడవే లేదు. మేడ తర్వాతెప్పుడైనా వేసుకునేలా స్తంభాలూ పునాదీ మాత్రం ఇప్పుడే గట్టిగా వేయించండి.

గ్రూప్స్2_మళ్ళీ
మేడ మీద పుస్తకాలు పెడితే ఎవరూ ఎక్కరు కూడా. మా ఊళ్లో అదే జరిగింది. పైన తాళం, కింద పేపర్లు. తాళంచెవి అడిగితే "ఏ పుస్తకం కావాలో చెప్పు, తెచ్చిస్తా" అనేవాళ్లు. ఏ పుస్తకాలు ఉన్నాయో చూడకుండా ఏది కావాలని చెప్తాం?

పాతపుస్తకం
ముప్పై ఒక్క ఏళ్లు లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను. గ్రూప్స్ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ ఆ తాళం వెనక ఏముందో కూడా చెప్పాలి. నా మొదటి పోస్టింగులో ఆడిట్‌కి వచ్చి, లెక్క తేలని పుస్తకాల ఖరీదు నా జీతంలోంచి కట్టించారు. ఆ తర్వాత నాలుగేళ్లు నేను కూడా బీరువాలకి తాళాలే వేశాను. తప్పని తెలుసు. భయం అలాంటిది.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడు రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకి ఐదు సూత్రాలు రాశారు. అందులో రెండోది, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం. మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు. తాళం వేసిన బీరువాలో ఈ రెండూ చచ్చిపోతాయి. అందుకని తెరిచిన ర్యాకులే పెట్టించండి, కానీ లైబ్రేరియన్ని కాపాడేలా ప్లాన్ గీయించండి. రాకపోకలకి ఒకే గుమ్మం, గుమ్మం పక్కనే కౌంటరు, కౌంటరు దగ్గర కూర్చుంటే ర్యాకుల మధ్య దారులన్నీ కళ్లకి కనపడాలి. ర్యాకుల్ని కౌంటరుకి అడ్డంగా కాకుండా నిలువుగా పెడితే ఆ పని అయిపోతుంది. చేతిసంచులు పెట్టుకోవడానికి బయట అరలు. లైబ్రేరియన్‌కి ఏసీ గది అక్కర్లేదు. అతను గదిలో ఉంటే గ్రంథాలయంలో లేనట్టే.

లక్ష్మీటీచర్
సాయంత్రం పది మంది పిల్లలే వస్తున్నారంటే, వాళ్లకి చోటు లేకే. మా బడి పిల్లల్ని ఒకసారి మా ఊరి గ్రంథాలయానికి తీసుకెళ్లాను. మూడో తరగతి పాప బొమ్మల పుస్తకం చూసి పకపకా నవ్వింది. ఒక పెద్దాయన పేపరు దించి "ష్" అన్నారు. ఆ పాప పుస్తకం మూసేసి నా కొంగు పట్టుకుంది. మళ్లీ రమ్మంటే రాలేదు.

పిల్లలు నవ్వుకునే చోటు ఒకటి కావాలి. కుర్చీలు కూడా అక్కర్లేదు, నేల మీద చాపలు చాలు. మూడున్నర అడుగులకి మించని అరలు, పుస్తకం అట్ట ముందుకి కనపడేలా. వీపు కనపడితే చదవడం రాని పిల్లకి ఏం తెలుస్తుంది?

తెనాలి_మావయ్య
ఆ పెద్దాయన్ని కూడా తప్పు పట్టకండి టీచరుగారూ. ఇంట్లో టీవీ గోల, ఇక్కడ కాసేపు ప్రశాంతంగా చదువుకుందామని వస్తాడు. నేనూ ఆ బాపతే.

లక్ష్మీటీచర్
తప్పు పట్టడం లేదు మావయ్యగారూ. తప్పు ఆయనదీ కాదు, పాపదీ కాదు. ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టిన వాళ్లది.

నిట్టాడు
ప్లాన్ మొత్తానికి కీలకం టీచరుగారి మాటే. గోల చేసేవాళ్లు ఒక చివర, నిశ్శబ్దం కావలసినవాళ్లు ఇంకో చివర, మధ్యలో పుస్తకాల ర్యాకులు. నిండుగా ఉన్న ర్యాకుల వరసలు శబ్దాన్ని బాగా పీల్చుకుంటాయి. విడిగా గోడలు కట్టక్కర్లేకుండా పుస్తకాలే అడ్డం నిలబడతాయి.

గ్రూప్స్2_మళ్ళీ
పరీక్షల వాళ్ల గురించి ఎవరూ మాట్లాడకముందే నేనే చెప్తా. మమ్మల్ని చూసి చాలామంది విసుక్కుంటారు, "సొంత పుస్తకాలు తెచ్చుకుని సీట్లన్నీ ఆక్రమిస్తారు" అని. నిజమే, ఆక్రమిస్తాం. నేను పొద్దున 7 గంటలకి వెళ్లి కుర్చీ మీద తువ్వాలు వేసి వస్తా. ఎందుకంటే మా ఇల్లు రెండు గదులు, ఐదుగురు మనుషులు. హైదరాబాద్ వెళ్లి అశోక్‌నగర్‌లో హాస్టల్ ఫీజు కట్టే స్తోమత మాకు లేదు. మాకు లైబ్రరీలో పుస్తకం కంటే బల్ల, కుర్చీ, ఫ్యాను, ప్లగ్ పాయింట్ ముఖ్యం. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదనుకుంటా.

పాతపుస్తకం
సిగ్గెందుకు బాబూ. పుస్తకాలు తెచ్చుకుని అయినా గ్రంథాలయానికి వస్తున్నారు, అదే చాలు. కానీ మీ వల్ల కథల పుస్తకం చదువుకుందామని వచ్చిన ఆడమనిషికి కుర్చీ దొరకని మాట కూడా నిజమే కదా. రెండూ చూడాలి.

మైలాపూర్_తెలుగు
చెన్నైలో ఉంటాను. కోట్టూరుపురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం 2010లో తెరిచారు. అక్కడ సొంత పుస్తకాలు తెచ్చుకుని చదివేవాళ్లకి కింది అంతస్తులోనే ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. పైన విభాగాల్లోకి సొంత పుస్తకాలు తీసుకెళ్లనివ్వరు. రెండు రకాల వాళ్లకీ తగువు లేదు. బ్రెయిలీ విభాగం కూడా కిందే. పిల్లల విభాగంలో మధ్యన పెద్ద చెట్టు బొమ్మ కట్టారు. మా అబ్బాయి దాని కిందే చదువుతానంటాడు. అంత పెద్ద భవనం మీకు అక్కర్లేదు. విభజన మాత్రం తీసుకోవచ్చు.

కాలువగట్టు
ఇది చాలా పనికొచ్చే మాట. పరీక్షల వాళ్లకి విడిగా గది అంటే దాతలు ఒప్పుకుంటారో లేదో, "స్టడీ హాలు కట్టిస్తున్నామా, గ్రంథాలయమా" అంటారేమో అని నా టెన్షన్.

ఓరుగల్లు_స్వాతి
ఆడవాళ్లు దాదాపు రారు అని మొదటి పోస్టులో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. ఎందుకు రారో ఎవరూ అడగలేదు.

నాది హనుమకొండ. మా దగ్గర 1904లో మొదలైన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉంది. అంత చరిత్ర ఉన్న ఊళ్లో పెరిగినా, డిగ్రీలో ఉండగా నేను మా పేటలో ఉన్న చిన్న లైబ్రరీకి వెళ్లడం మానేశాను. గుమ్మం ముందు బండ్ల మీద మగపిల్లలు కూర్చుని ఉండేవాళ్లు. వాళ్లని దాటితే పేపరు హాలు, ముప్పై మంది మగవాళ్లు ఒకేసారి తలెత్తి చూసేవాళ్లు. వాళ్లని కూడా దాటితే గానీ ర్యాకులు రావు. బాత్రూము వెనకాల, లైటు లేని పెరట్లో. మూడు గంటలు నీళ్లు తాగకుండా చదివి ఇంటికి పోయేదాన్ని.

మీ ప్లాన్‌లో కూడా బాత్రూములు పెరట్లోనే ఉన్నాయి. అది మార్చకుండా మహిళా విభాగం అని బోర్డు పెట్టినా లాభం లేదు.

కాలువగట్టు
స్వాతిగారూ, మీ పోస్టు మా ఆవిడకి చూపించాను. "ఇన్నేళ్లకి అడిగేవాళ్లు దొరికారు" అంది. బాత్రూములు లోపలికి తెప్పిస్తాను. ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గను.

నిట్టాడు
వాయవ్యం మూలకి పెట్టండి, గుమ్మం లోపలి నుంచి. కౌంటరు వైపు నుంచి ఆ దారి కనపడాలి, కానీ బాత్రూము తలుపు ఎదురుగా ఎవరూ కూర్చునే కుర్చీ ఉండకూడదు. మధ్యలో చిన్న అడ్డు గోడ చాలు.

ఈశాన్య_శర్మ
వాయవ్యం సరైన చోటు. ఈశాన్యంలో మాత్రం పెట్టకండి. బరువు నైరుతిలో ఉండాలి, కాబట్టి పుస్తకాల ర్యాకులు నైరుతి మూల నుంచి మొదలుపెట్టండి.

నిట్టాడు
శర్మగారితో నాకు పేచీ లేదు. పడమటి ఎండ మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా గోడని కాల్చేస్తుంది. కిటికీ ఉంటే పుస్తకాల అట్టలు ఒకే వేసవిలో వెలిసిపోతాయి. అటువైపు కిటికీలు తగ్గించి ర్యాకులు పెట్టుకుంటే చదివేవాళ్లకి ఉత్తరం వెలుతురు మిగులుతుంది. అది రోజంతా ఒకేలా ఉండే వెలుతురు, కళ్లకి హాయి. కాకపోతే ర్యాకుల్ని గోడకి ఆనించకండి. డెల్టాలో గోడలు చెమ్మ పీలుస్తాయి. అర అడుగు ఎడం ఉంచండి.

తెనాలి_మావయ్య
వాస్తూ, ఇంజనీరింగూ ఒకే మాట మీద నిలబడటం ఇదే చూడ్డం. దీన్ని ప్రింటు తీసి కమిటీ వాళ్లకి ఇవ్వు కాలువగట్టూ, సగం మీటింగు అక్కడే అయిపోతుంది.

చక్రాలమీద
మెట్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. పదకొండేళ్లుగా వీల్‌చైర్‌లో ఉన్నాను. "ర్యాంపు పెట్టాం" అని చెప్పి, నన్ను ఇద్దరు ఎత్తిపట్టుకుని ఎక్కించిన భవనాలు లెక్కలేనన్ని. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అంతకన్నా నిటారుగా ఉంటే అది ర్యాంపు కాదు, స్కూటర్లు ఎక్కించే పలక. మీ పునాది రోడ్డు మీద ఎంత ఎత్తు?

కాలువగట్టు
మూడు అడుగులు. కాలువ పొంగితే మా వీధిలోకి నీళ్లు వస్తాయి. పైగా రోడ్డు వేసినప్పుడల్లా పైకి లేస్తుంది. తగ్గించడం కష్టం.

చక్రాలమీద
తగ్గించొద్దు. పుస్తకాలు తడవకూడదు. మూడు అడుగులకి 36 అడుగుల ర్యాంపు, మధ్యలో ఆగడానికి ఐదు అడుగుల చదును. మొత్తం 41 అడుగులు. మీకు ముందువైపు 66 అడుగులు ఉంది. పోర్టికో, ఆ గుండ్రటి స్తంభాలు తీసేస్తే హాయిగా పడుతుంది. రెండు వైపులా పట్టుకునే కమ్మీలు. మోకాళ్ల నొప్పులున్న మావయ్యలు కూడా దాన్నే వాడతారు, చూడండి.

లోపల ర్యాకుల మధ్య నాలుగు అడుగులు వదిలితే నాకు ఎవరూ తప్పుకోనక్కర్లేదు. మూడున్నరకి తగ్గొద్దు. వరస చివర ఐదు అడుగులు ఉంటే తిరిగి రాగలను. లేకపోతే వెనక్కి నడుపుకుంటూ రావాలి.

తెనాలి_మావయ్య
నా మోకాళ్ల తరపున చక్రాలమీద గారికి వెయ్యి దణ్ణాలు.

పాతపుస్తకం
ఇప్పుడు పుస్తకాల లెక్క వేద్దాం. రిజిస్టరులో 14,000 అంటే ర్యాకుల్లో బతికున్నవి అన్ని ఉండవు. చెదలు తిన్నవి, పేజీలు ఊడినవి, పాత సిలబస్ గైడ్లు, ఒకే పుస్తకం ఏడు కాపీలు. కూర్చుని ఏరితే 9,000 మిగులుతాయని నా అంచనా. ఏరడానికి మనసు రాదు, కానీ ఏరాలి. పాత స్థానిక పత్రికలు, మీ ఊరి వాళ్లు రాసినవి, ఎక్కడా దొరకనివి మాత్రం చెత్త కింద వేయనివ్వకండి. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది. పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ అక్కడికి వెళ్తున్నారంటే, ఒకప్పుడెవరో పారెయ్యకుండా దాచబట్టే.

రెండు వైపులా ఐదేసి అరలున్న మూడడుగుల ర్యాకు. అరకి 30 పుస్తకాలు, కొంచెం వదులుగా. మొత్తం 300. తొమ్మిది వేలకి 30 ర్యాకులు. ఐదేసి చొప్పున ఆరు వరసలు. చేతికి అందే ఎత్తే ఉండాలి. కింది అర నేలకి అర అడుగు పైన.

నిట్టాడు
సరిపోయింది. ఒక్కో వరస 15 అడుగులు, ర్యాకు మందం, దారి కలిపి ఐదున్నర అడుగులు. ఆరు వరసలకి 33 అడుగులు. అటూ ఇటూ తిరిగే చోటుతో 600 చదరపు అడుగులు దాటుతుంది. భవనం మొత్తం 2,400. అంటే పావు వంతు. మిగతాది మనుషులకి.

ఉత్తరం వైపు 20 అడుగుల పట్టీ, అంటే 20 బై 40, పరీక్షల వాళ్లకి ఇవ్వండి. బాత్రూములకి పోను సుమారు 680 మిగులుతుంది. నడిచే దారితో కలిపి మనిషికి 20 చదరపు అడుగులు వేసుకుంటే 34 సీట్లు. ఆ గదికి బయట నుంచి సొంత గుమ్మం పెట్టి, హాలు వైపు తలుపుకి తాళం ఉంటే, గ్రంథాలయం మూసేశాక కూడా గది తెరిచి ఉంచొచ్చు. బాత్రూములు ఆ తాళానికి రెండు వైపుల నుంచీ అందాలి, అది మర్చిపోకండి.

పాతపుస్తకం
ఆగండి, ఇక్కడ నేను ఒప్పుకోను. ఒకే గుమ్మం అని నేను మొదట్లోనే అన్నాను. రెండో గుమ్మం పెడితే పుస్తకాలు అటు నుంచి పోతాయి.

నిట్టాడు
హాలు తెరిచి ఉన్నంతసేపూ బయటి గుమ్మానికి గడియ. అందరూ కౌంటరు ముందు నుంచే. హాలు మూశాక మధ్య తలుపుకి తాళం, బయటి గుమ్మం తెరుస్తారు. ఏ సమయంలోనైనా ఒకే దారి. అగ్నిప్రమాదం వస్తే ఒకే గుమ్మం చాలదు కాబట్టి ఆ రెండోది ఎలాగూ ఉండాల్సిందే. గడియ లోపలి నుంచి చేత్తో తీసేలా ఉండాలి.

పాతపుస్తకం
అలా అయితే సరే. నిప్పు సంగతి నేను ఆలోచించలేదు.

గ్రూప్స్2_మళ్ళీ
34 సీట్లు!! రాత్రి కూడా!! ఈ గది కట్టండి, నేనే మీ ఊరు వచ్చేస్తా.

చిన్న చిన్నవి కొన్ని, రోజూ పన్నెండు గంటలు కూర్చునేవాడిగా. ట్యూబులైటు ఫ్యానుకి పైన పెట్టొద్దు. రెక్కల నీడ పేజీ మీద గిరగిరా తిరుగుతుంది, అరగంటలో తలనొప్పి. లైట్లు ఫ్యాన్ల కంటే కిందికి, బల్లల వరస వెంటే పొడుగ్గా వేలాడదీయాలి. కుర్చీ కాళ్లకి రబ్బరు బుడిపెలు తొడగాలి, ఊడితే మళ్లీ తొడగాలి. మా దగ్గర ఒకడు లేస్తే టైల్స్ మీద కీచుమని ముప్పై మందీ తలలెత్తుతారు. ప్లగ్ పాయింట్లు నేల మీద వద్దు, తడిగుడ్డ పెట్టినప్పుడు నీళ్లు దిగుతాయి. బల్ల ఎత్తులో గోడకి పెట్టండి.

లక్ష్మీటీచర్
మరి సభలు? దాతలు స్టేజీ అడిగింది ఏదో ఆశతోనే కదా. పుస్తకావిష్కరణలు, పిల్లల పోటీలు, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. వాటికి చోటు వద్దా?

మైలాపూర్_తెలుగు
ఏడాదికి పది సభల కోసం 355 రోజులు స్టేజీని మొయ్యడం ఎందుకు?

తెనాలి_మావయ్య
అందుకే అరుగు కావాలంటాను. పాత ఇళ్లకి ముందు అరుగు ఉండేది. ఊరి కబుర్లు, పేపరు, పంచాయితీ అన్నీ దాని మీదే. తూర్పు వైపు పొడుగునా ఎనిమిది అడుగుల వరండా వేయించు. పొద్దున ఆరింటికి పేపరు వేసే కుర్రాడు అక్కడే వేస్తాడు. లైబ్రేరియన్ ఎనిమిదింటికి తాళం తీసే దాకా మేం గేటు ముందు నిలబడనక్కర్లేదు. ఏటవాలు బల్లలు గోడకి బిగించు, నిలబడి చదివేవాళ్లు నిలబడి చదువుతారు. మేం అక్కడే రాజకీయాలు మాట్లాడుకుంటాం, లోపల ఎవరికీ వినపడదు. సభలప్పుడు వక్త వరండాలో, జనం ముందు ఖాళీలో కుర్చీల్లో.

ఓరుగల్లు_స్వాతి
మావయ్యగారూ, అరుగు మంచి మాటే. కానీ లోపలికి వెళ్లే దారి ఆ పేపరు బల్లల మధ్య నుంచి పోకూడదు. లేకపోతే నా పాత కథే మళ్లీ. బల్లలు అన్నీ ఒక పక్కకి, గుమ్మం ఇంకో పక్కకి.

తెనాలి_మావయ్య
ఒప్పుకున్నాను తల్లీ. బల్లలు ఉత్తరం వైపు, గుమ్మం దక్షిణం వైపు. మేం తలెత్తకుండా కూడా ఉంటాం.

ఈశాన్య_శర్మ
గుమ్మం మరీ ఆగ్నేయం మూలకి పోకుండా చూడండి. మధ్యకి కొంచెం దక్షిణంగా పెట్టుకోండి చాలు.

పాతపుస్తకం
బోర్డుల సంగతి కూడా చెప్పి ఊరుకుంటాను. పుస్తకాల్ని విషయం వారీగా నంబర్లతో సర్దే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యం నంబరు 894.827. అది నాకు నిద్రలో కూడా వస్తుంది, కానీ నవల కోసం వచ్చిన ఇల్లాలికి దాంతో పనేముంది? ర్యాకు చివర అరచేతి మందం అక్షరాల్లో "నవలలు", "కథలు", "వ్యవసాయం", "ఆరోగ్యం" అని రాయించండి. నంబరు కింద చిన్నగా ఉంటే చాలు. రంగనాథన్ గారి ఐదో సూత్రం, గ్రంథాలయం పెరిగే ప్రాణి. ప్రతి అరలో నాలుగో వంతు ఖాళీ ఉంచాలి. పైన 30 అన్నది అందుకే.

ఇంకోటి, నడిపే ఖర్చు. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం. భవనం దాతలది కావచ్చు, కరెంటు బిల్లు, పత్రికలు, రాత్రి కాపలా మన హక్కుగా అడగాల్సినవే. రాత్రి గది తెరిచి ఉంచాలంటే ఆ కాపలా మనిషి జీతం ఎవరిస్తారో శంకుస్థాపనకి ముందే రాసుకోండి.

నిట్టాడు
పునాది గుంటల్లో కాంక్రీటు పోసేలోపే చెదల మందు. తర్వాత చల్లితే పై పూతే. ఆ రోజు కమిటీ నుంచి ఎవరో ఒకరు దగ్గరుండి చూడాలి.

కాలువగట్టు
మీటింగు అయింది. ఏం జరిగిందో చెప్తాను.

కాగితాలు చూపిస్తే ఎవరికీ అర్థం కాదని మా ఆవిడ సలహా ఇచ్చింది. ఆదివారం పొద్దున్నే ముగ్గుపిండి, టేపు, తాడు తీసుకుని స్థలంలోకి వెళ్లాం. నేను, మా అమ్మాయి, పరీక్షలకి చదివే నలుగురు కుర్రాళ్లు. మీరు చెప్పిందంతా నేల మీద అసలు కొలతల్లో గీశాం. ఉత్తరం పట్టీ గది, నైరుతి నుంచి ర్యాకుల వరసలు, మధ్యలో కౌంటరు, దాని ముందు మామూలు పాఠకుల బల్లలు, ఆగ్నేయంలో పిల్లల చోటు, ముందు అరుగు, 41 అడుగుల ర్యాంపు. ర్యాకుల చోట ఇటుకలు పేర్చాం. పది గంటలకి కమిటీ వాళ్లనీ దాతలనీ అక్కడికే రమ్మన్నాం.

దాతల్లో పెద్దావిడ ఉన్నారు, ఆ అమ్మగారి చెల్లెలు. ముగ్గు గీతల మధ్య నుంచి నడుస్తూ గుమ్మం ఎక్కడ, కౌంటరు ఎక్కడ అని అడిగారు. తర్వాత "మరి బాత్రూముకి ఎటు పోవాలి?" అన్నారు. చూపించాం. "అక్కయ్య ఇలాంటి చోటు ఉంటే రోజూ వచ్చేది" అన్నారు. స్టేజీ గురించి తర్వాత ఎవరూ ఎత్తలేదు. స్తంభాల డబ్బు ర్యాంపుకీ కమ్మీలకీ మళ్లించారు. పరీక్షల గదికి ఒప్పుకున్నారు, అందులో ఎనిమిది సీట్లు ఆడపిల్లలకి ఉంచాలన్న షరతు మీద. కాపలా జీతం మొదటి రెండేళ్లు వాళ్లే ఇస్తారట. ఆ తర్వాతి సంగతి మేం గ్రంథాలయ సంస్థకి అర్జీ పెట్టాలి.

ఒక్క చోట తేడా వచ్చింది. మా పక్క వీధి అబ్బాయి వీల్‌చైర్ తెచ్చి ఇటుకల మధ్య తిప్పి చూశాడు. నాలుగో వరస చివర తిరగలేకపోయాడు. అక్కడ అడుగున్నర తక్కువ గీశాం. ముగ్గు చెరిపి మళ్లీ గీశాం, దాంతో పిల్లల చోటు కొంచెం తగ్గింది.

చక్రాలమీద
ఇటుకలు పెట్టి తిప్పి చూశారా! ఇన్నేళ్లలో కట్టకముందు నాలాంటి వాణ్ణి పిలిచి అడిగిన వాళ్ల గురించి ఇదే వినడం. ఆ అబ్బాయికి నా తరపున థాంక్స్ చెప్పండి.

లక్ష్మీటీచర్
పిల్లల చోటు తగ్గితే కిటికీ గట్టు వెడల్పు చేయించండి. అడుగున్నర వెడల్పు గట్టు ఉంటే పిల్లలు దాని మీదే ఎక్కి కూర్చుంటారు. బయట గ్రిల్లు మాత్రం గట్టిగా ఉండాలి.

పాతపుస్తకం
మీ పేరు కాలువగట్టు కదా. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. మీ అరుగు మీద ఒక గోడకి ఆ పడవ బొమ్మ వేయించండి. పిల్లలు అడుగుతారు, ఎవరో ఒక మావయ్య చెప్తాడు.

తెనాలి_మావయ్య
ఆ మావయ్యని నేనే. బస్సు గంటన్నరే.

కాలువగట్టు
వేయిస్తాం. కిటికీ గట్టు మాట ఇంజనీరుకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను, అడుగున్నర ఇస్తానన్నాడు. గుంటలు తవ్వడం గురువారం మొదలు. చెదల మందు రోజు దగ్గరుండేది మా అమ్మాయి, సెలవు పెట్టింది. ఈలోగా పుస్తకాలు ఏరడం మొదలుపెట్టాలి, 14,000. పాతపుస్తకం గారూ, ఒక వారం మా ఇంట్లో ఉండి దగ్గర కూర్చుని చెప్పగలరా?

పాతపుస్తకం
బుధవారం వస్తాను. ముక్కుకి కట్టుకోవడానికి గుడ్డలు, మెత్తటి బ్రష్షులు నాలుగు, పాత రిజిస్టర్లు అన్నీ బయట పెట్టి ఉంచండి. నేను చూసేదాకా ఒక్క పుస్తకం కూడా తూకానికి వేయకండి.